ముహూర్తం నాటి పచ్చ దీపాలు

త్రినాథరావు మంచివాడని చెప్పేవాళ్లు ఫిల్మ్‌నగర్‌లో ఇప్పటికీ ఉన్నారు. వాళ్లలో ఏ ఒక్కడూ తన జాగా కాగితాలు తీసుకుపోయి త్రినాథరావు చేతిలో పెట్టినవాడు కాదు. పెట్టినవాడు తిరుమలేశ్. అందుకే ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా అతనికి నోట్లో ఏమీ లేకపోయినా ఉమ్మేయాలనిపిస్తుంది.

తిరుమలేశ్‌ది షేక్‌పేట పాత ఊరు. ఎనిమిదో తరగతిలో లెక్కల సారు చెవి మెలిపెట్టిన రోజున బడిసంచి అక్కడే వదిలేసి వచ్చాడు, మళ్లీ దానికోసం పోలేదు. షూటింగులకు పోయే జనరేటర్ బండి మీద క్లీనరుగా చేరాడు, తర్వాత అదే బండి తోలాడు, ఆఖరికి అలాంటిదొకటి కొన్నాడు. యాభై దగ్గరపడేసరికి అతనికి మిగిలినవి రెండే: ఆ బండి, తండ్రి లక్ష్మయ్య ఇచ్చిపోయిన జాగా. బండి తిండి పెట్టేది. జాగా నిద్ర పట్టించేది.

త్రినాథరావు గోదావరి వైపు నుంచి వచ్చి, ప్రొడక్షన్ మేనేజరుగా తల నెరిసినవాడు. మాట బెల్లం. ఆ మాటతోనే కంపెనీ పెట్టాడు. యాప్ పేరు 'పిలుపు'. షూటింగ్‌కి ఏ బండి ఎక్కడికి రావాలి, ఏ మనిషి ఎన్నింటికి రావాలి అన్నది అందరి ఫోన్లకీ అదే చెబుతుంది. ఫిల్మ్‌నగర్‌లో ఒక మేడ మీద రెండు గదులు, కంప్యూటర్ల ముందు నలుగురు పిల్లలు.

"పొద్దుగూకాక ఊరందరికీ ఫోన్లు చేసి గొంతు పోగొట్టుకున్నవాణ్ణి తమ్ముడూ నేను. ఆ బాధ తీర్చామంటే ఇండస్ట్రీ అంతా మన గుమ్మంలోనే ఉంటుంది" అన్నాడు. ఆ 'మన' అన్న మాట దగ్గరే తిరుమలేశ్ పడిపోయాడు.

బంజారా హిల్స్ ఫైనాన్షియరు ఒకడు జాగా కాగితాలు పెట్టుకుని కంపెనీకి డబ్బిచ్చాడు. షరతు ఒక్కటే. ఒక పెద్ద నిర్మాణ సంస్థ తన కొత్త సినిమాకి 'పిలుపు' వాడి చూస్తానంది. మొదటి రోజు షూటింగ్ సాఫీగా సాగితే వాళ్లు ఒప్పందం రాసిస్తారు, ఆ ఒప్పందం చూపిస్తే జాగా కాగితాలు తిరిగొస్తాయి. సాగకపోతే జాగా ఫైనాన్షియరుది. తిరుమలేశ్ సంతకం పెట్టిన రోజు అతని భార్య మంజులత అన్నం వడ్డించి, తను వాకిట్లోకి పోయి కూర్చుంది.

ఆ రోజు నుంచి తిరుమలేశ్ పని ఉన్నా లేకున్నా ఆఫీసుకి పోయి కూర్చునేవాడు. కంప్యూటర్లలో ఏం జరుగుతోందో తెలిసేది కాదు. బావిలో పడ్డ చెంబు కోసం గట్టు మీద కూర్చున్నట్టుండేది. ఒకరోజు గీతికని అడిగాడు. గీతిక యాప్‌ని పరీక్షించే పిల్ల. యూసుఫ్‌గూడలో ఉంటుంది, వాళ్ల నాన్న మేకప్‌మ్యాన్.

"బిడ్డా, గిది మంచిగ నడుస్తుందా లేదా ఎట్ల తెలుస్తది?"

"మెషీనే పరీక్ష పెట్టుకుంటుంది బాబాయ్. ఒక పిలుపు పంపుతుంది, టైం మారుస్తుంది, కొత్త టైం చేరిందా, పాతది ఆగిందా అని చూసుకుంటుంది. గంటకోసారి, దానంతట అదే."

"పాసైతదా మరి?"

"ఎక్కడ పాసవుతుందీ అని అడగాలి మీరు." గీతిక కుర్చీ తిప్పింది. "మనకి మూడు చోట్లున్నాయి. ఒకటి రిహార్సల్ అనుకోండి, మేం ఆడుకునేది. రెండోది మేకప్ వేసి, లైట్లు పెట్టి చూసుకోవడం. అసలుదానిలాగే ఉంటుంది, జనం ఉండరు. మూడోది టేకు. నిజంగా మనుషుల ఫోన్లకి వెళ్లేది. మొదటిచోట పాసైంది మూడోచోట పాసవ్వాలని లేదు. తంటా ఏంటంటే, మూడింటి ఫలితాలూ మూడు మూలల్లో పడుంటాయి. పిల్లలు మొదటిదే చూసుకుంటారు. మూడోచోట ఫెయిలై పడున్నా అడిగే నాథుడుండడు."

తిరుమలేశ్‌కి అది వెంటనే అర్థమైంది. అతని జనరేటర్ ప్యానల్ మీద మూడు ఫేజులకి మూడు బల్బులుంటాయి. ఏ ఫేజు పోతే ఆ బల్బు ఆరిపోతుంది. లోపలికి తొంగిచూడక్కర్లేదు.

"గట్ల బల్బులు పెట్టు బిడ్డా. మూడు చోట్లకి మూడు వరసలు. నాకు ఇంగ్లీషు రాదు, రంగులైతే వస్తయి."

గీతిక నవ్వి, నిజంగానే చేసింది. ముందుగదిలో పెద్ద టీవీ మీద మూడు వరసల గుండ్రటి దీపాలు. పాసైతే పచ్చ, ఫెయిలైతే ఎరుపు. అన్ని చోట్ల పరీక్షలూ ఒక్క చూపులో కనబడేలా. త్రినాథరావు అది చూసి పొంగిపోయాడు. సినిమావాడు కదా, పంతులుని పిలిపించాడు. టీవీకి పసుపు, కుంకుమ, బంతిపూల దండ. కొబ్బరికాయ కొట్టి సరిగ్గా ముహూర్తానికి మూడు చోట్లా పరీక్ష నడిపించారు. ఒక్కో దీపమే పచ్చగా వెలుగుతూ వచ్చి మూడు వరసలూ నిండాయి. అందరూ చప్పట్లు కొట్టారు. తిరుమలేశ్ టీవీకే దణ్ణం పెట్టాడు.

తర్వాత ఒకరోజు ఫైనాన్షియరు వచ్చి కూర్చున్నప్పుడు మూడో వరసలో ఒక దీపం ఎర్రగా వెలిగింది. "ఏంటది?" అన్నాడు. త్రినాథరావు కాఫీ తెప్పించి మాట మార్చాడు. తిరుమలేశ్ మాత్రం ఆ దీపం మీంచి చూపు తిప్పుకోలేకపోయాడు. మర్నాడు పొద్దున్నే పరుగున వచ్చి చూస్తే మూడు వరసలూ పచ్చ. ఆ తర్వాత ఎప్పుడు చూసినా పచ్చే. రోజూ వచ్చేవాడు, చూసేవాడు, గుండె మీద చెయ్యేసుకుని పోయేవాడు.

ఆ ధైర్యంతోనే తన డ్రైవరు బాలనర్సయ్యకి యాప్ నేర్పించాడు. బాలనర్సయ్యకి అది నచ్చలేదు.

"నువ్వు ఫోన్‌ల చెప్తే సాలదా అన్నా? గీ గంట మోగుడేంది?"

"నా మాట గాదు, యాప్ మాటే ఆఖరు. నేనొకటి చెప్పి, అదొకటి చెప్తే అది చెప్పిందే చెయ్యి. దాంట్ల ఆఖరుకొచ్చిందే లెక్క. యాదికుంచుకో."

"సరే, నీ అత్తగారనుకుంట" అన్నాడు బాలనర్సయ్య.

షూటింగ్ సోమవారం మొదలవాలి. ఆదివారం కూడా ఆఫీసు తెరిచారు. మధ్యాహ్నం తిరుమలేశ్ మెట్లెక్కి వచ్చేసరికి పిల్లలు ఖాళీగా కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నారు. వీధి చివర రోడ్డు తవ్వుతూ కేబులు తెంపేశారట, పొద్దుట్నుంచీ నెట్ లేదు. తిరుమలేశ్ అలవాటుగా టీవీ వైపు చూశాడు. పచ్చ. ఊపిరి పీల్చుకుని కూర్చున్నాడు. కూర్చున్నాక కాసేపటికి ఏదో గుచ్చుకుంది. ఏమిటని వెతుక్కుంటే తెలిసింది. లైను తెగింది కదా. లైను తెగినాక బల్బు వెలుగుతోందంటే ఆ బల్బు ఆ లైను మీద లేదన్నమాట.

లోపలిగదికి పోయాడు. గీతిక తన ఫోన్‌తో కంప్యూటర్‌కి నెట్ ఇచ్చుకుని పని చేసుకుంటోంది.

"బిడ్డా, నెట్ లేదంటున్నరు. ముందుగదిల దీపాలెట్ల వెలుగుతున్నయి?"

గీతిక అతని ముఖంలోకి చూసింది. "అది బోర్డు కాదు కదా బాబాయ్. ముహూర్తం రోజు తీసిన ఫోటో."

తిరుమలేశ్ ముందుగది వైపు తిరిగి చూశాడు.

"మీకు తెలుసనుకున్నాను" అంది గీతిక. "ఆ ఎర్రలైటు వెలిగిన మర్నాడే రావుగారు పెట్టమన్నారు. ముహూర్తం షాట్ చెరపకూడదు, వచ్చేపోయేవాళ్లకి శుభమే కనబడాలి అన్నారు. అసలు బోర్డు నీ దగ్గర ఉంచుకో అన్నారు. నేను మిమ్మల్ని అడుగుతానన్నాను. తిరుమలేశ్ గారే పెట్టమన్నారు, ఎరుపు చూస్తే ఆయనకి గాభరా, అన్నారు."

"అసలుది చూపించు."

చూపించింది. మొదటి వరస పచ్చ. రెండో వరస పచ్చ. మూడో వరసలో నడిమి దీపం ఎరుపు. వెనక్కి జరిపి చూపించింది. నిన్నా ఎరుపు, మొన్నా ఎరుపు, ముహూర్తం అయిన వారం నుంచీ ఎరుపే.

"టైం మారిస్తే కొత్త టైం వెళ్తోంది. కానీ పాత మెసేజి ఫోన్ కంపెనీ దగ్గర ఎక్కడో ఇరుక్కుని, కాసేపటికి కొత్తదాని వెనకాలే మళ్లీ వెళ్తోంది. మొదటి రెండు చోట్లా ఫోన్ కంపెనీ లేదు కాబట్టి అక్కడ కనబడదు. రావుగారికి చెబుతూనే ఉన్నాను. షూటింగ్ అయ్యాక చూద్దాం అంటారు."

"ఇయ్యాల బాగైతదా?"

"అవతలివాళ్లు చెయ్యాలి బాబాయ్. ఆదివారం వాళ్లు ఫోనే ఎత్తరు."

తిరుమలేశ్ స్కూటర్ తీశాడు. త్రినాథరావు ఇల్లు జూబ్లీహిల్స్‌లో, కిరాయిదే గానీ గేటు పెద్దది. త్రినాథరావు భోంచేసి వరండాలో వక్కపలుకు నములుతున్నాడు.

"గా టీవీల ఫోటో పెట్టించినవంట గద రావుగారు."

త్రినాథరావు తడబడలేదు. "కూర్చో తమ్ముడూ. ముందు మంచినీళ్లు తాగు."

"నీళ్లొద్దు. నేను రోజూ వచ్చి చూస్తున్న. నువ్వు నన్ను చూస్తున్నవ్. ఒక్కనాడన్న నోరు మెదిపినవా?"

"నీ మేలుకే చేశాను. ఎరుపు చూసిన రోజు నీ మొహం నేను చూశాను కదా. రోజూ అలా చచ్చిపోతావా? ఫైనాన్షియరు ఇంకోసారి ఎరుపు చూస్తే ఆ రోజే కాగితాలు లాగేసేవాడు. అయినా టైం మారిస్తేనే కదా ఆ గొడవ. రేపటి టైం నెల కిందటే అనుకున్నారు. ఎవడు మారుస్తాడు?"

"మొదటి రోజే మారుస్తరు. నీకు తెల్వదా? నీ జన్మంతా గాళ్లతోనే తిరిగినవ్."

"మార్చరని దణ్ణం పెట్టుకో."

"నేను మూర్తిగారికి చెప్పేస్త. గీ ఒక్కరోజు యాప్ పక్కకు పెట్టి మనుషులతోని ఫోన్లు చేయించుకోమంట."

త్రినాథరావు వక్కపలుకు దవడకి మార్చుకున్నాడు. "చెప్పు. నేనేం ఆపను. చెబితే ఇవాళే పోతుంది నీ జాగా. చెప్పకపోతే రేపటిదాకానైనా నీదే. ఆలోచించుకో."

మూర్తిగారంటే నిర్మాణ సంస్థ ప్రొడక్షన్ మేనేజరు సత్యనారాయణమూర్తి. ఫిల్మ్‌నగర్‌లో వాళ్ల ఆఫీసు ముందు తిరుమలేశ్ స్కూటర్ ఆపి చాలాసేపు దిగలేదు. లోపలికి పోయి నోరు తెరిస్తే నిజం వస్తుంది, జాగా పోతుంది. తెరవకపోతే రేపు ఆ దేవుడున్నాడు. దేవుడి మీద అతనికి అంత నమ్మకం లేదు, కానీ జాగా మీద ఉంది. చివరికి పోయాడు. మూర్తిగారు ఫోన్లో ఉన్నాడు, చేత్తోనే కూర్చోమన్నాడు. ఫోను పెట్టేసి తనే మొదలెట్టాడు.

"సమయానికొచ్చారండీ. రేపు టైం మారింది. తొమ్మిదిన్నర షాట్ హీరోగారి జాతకానికి పనికిరాదని సిద్ధాంతిగారు ఇప్పుడే చెప్పారు. రాహుకాలం రాకముందే, ఆరూ యాభైకి తీసేయాలట. ఎనిమిదింటికి రమ్మన్న బళ్లన్నీ అయిదింటికే రావాలి. మునుపైతే ఈపాటికి నా పని శ్రాద్ధమే. మీ యాప్‌లో మా కుర్రాడు ఇందాకే మార్చేశాడు. హాయిగా ఉందండీ."

తిరుమలేశ్ నోరు తెరిచాడు. "మూర్తిగారు," అన్నాడు.

"చెప్పండి."

"ఏం లేదు. మా బండి ముందే ఉంటది అని చెప్దామని."

బయటికొచ్చి రోడ్డు పక్కన స్కూటర్ మీదే కూర్చున్నాడు. ఫోను టంగుమంది. కొత్త టైం, అయిదు. ఇక పాతది వెనకాలే వస్తుంది. మొట్టమొదట బాలనర్సయ్యకే చేశాడు.

"బాలన్నా, రేపు టైం మారింది. పొద్దుగాల అయిదింటికే బండి గాడ ఉండాలె, జూబ్లీహిల్స్ బంగళా కాడ."

"ఇప్పుడే చూసిన అన్నా. నీ అత్తగారు చెప్పింది."

పాతది మళ్లీ వస్తుంది, నమ్మొద్దు అని చెప్పాలి. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఇన్నాళ్లూ అదే ఆఖరు మాటని వాడి చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పింది తనే. ఇప్పుడది అబద్ధాలాడుతుందని ఏ నోటితో చెప్పడం? మన బండి, మన మనిషి, అయిదని నోటితో చెప్పాక ఇంకేం కావాలి అనుకున్నాడు. ఫోను పెట్టేశాడు.

అప్పుడు వచ్చింది పాతది. ఎనిమిది గంటలు. అదే టంగు.

ఇక ఒకటే పని. లైట్‌మెన్ మేస్త్రీకి, కెమెరా బండికి, కాస్ట్యూమ్స్ వాళ్లకి, కిచెన్ బండికి, జూనియర్ ఆర్టిస్టుల ఏజెంటుకి, ఒక్కొక్కరికీ ఫోను చేశాడు. "ఇప్పుడొచ్చింది తప్పు. అయిదే ఖరారు. జర మీ పిలగాళ్లకు గూడ చెప్పున్రి." అందరికీ ఆ మాట చెప్పాడు. కొందరు సరేనన్నారు. కొందరు నవ్వారు.

"మరి యాప్ ఎందుకు పెట్టినవ్ అన్నా, ఫోన్లే చేసేటట్లుంటే?" అన్నాడు లైట్ల మేస్త్రీ.

"కొత్తది గద, జర సతాయిస్తది."

"కొత్త కోడలు గూడ గిన్ని తిప్పలు పెట్టదే."

చీకటి పడింది. ఫోను చెవికి కాలుతోంది. మధ్యలో టూటూమని ఇంకో ఫోను వస్తూనే ఉంది. చూసుకోలేదు. ఎవరైనా ఒక్కరు మిగిలిపోతారేమోనన్న భయంలో అతను ఏ ఫోనూ ఎత్తలేదు, చేస్తూనే పోయాడు. ఆఖరి మనిషి సరేనన్నాక ఇంటికి పోయి బట్టలైనా మార్చుకోకుండా మంచం మీద వాలాడు. మంజులత దీపం ఆర్పుతూ, "జాగా ఉంటదా?" అని అడిగింది.

"ఉంటది" అన్నాడు. ఆ మాట తనకే నమ్మాలనిపించింది.

సోమవారం తెల్లవారకముందే బంగళా దగ్గరున్నాడు. వస్తున్నారు. కెమెరా బండి వచ్చింది. కాస్ట్యూమ్స్ వచ్చాయి. లైట్ల మేస్త్రీ తన మనుషులతో దిగి తిరుమలేశ్ భుజం మీద చరిచాడు. ఇడ్లీ బండి పొగలు కక్కుతోంది. తిరుమలేశ్ వచ్చినవాళ్లని వచ్చినట్టు చూసుకుంటూ, జాగా అంగుళం అంగుళం తన చేతికి తిరిగొస్తున్నట్టు నిలబడ్డాడు. ఆరు దాటుతుండగా మేస్త్రీ అడిగాడు.

"అన్నా, అందరొచ్చిన్రు. నీ బండేది?"

తిరుమలేశ్ ఫోను చేశాడు. మోగి మోగి ఆగింది. మళ్లీ చేశాడు. మూడోసారికి బాలనర్సయ్య నిద్రగొంతుతో ఎత్తాడు.

"ఏందన్నా, ఎనిమిదికి గద."

"అయిదని చెప్పిన గదరా నీకు."

"చెప్పినవ్. జరసేపటికి మళ్ల ఎనిమిదని వచ్చింది. ఆఖరుకొచ్చిందే లెక్క అన్నవ్ గద. అయినా డౌటొచ్చి నీకు ఫోన్ చేసిన, మస్తుసార్లు చేసిన. బిజీ, బిజీ. నువ్వు ఎత్తకపాయె. నువ్వన్న మాట ప్రకారమే పోదామనుకున్న."

తిరుమలేశ్ వాణ్ణి తిట్టలేదు. "తొందరగ రా" అన్నాడు. షేక్‌పేటలో బండి బయటికి తీసి, డీజిలు చూసుకుని, ఎత్తు ఎక్కి రావాలి. సోమవారం పొద్దున ఫ్లైఓవర్ కింద అప్పటికే బస్సులు.

మొదటి షాట్ పూజగదిలో. నిర్మాతగారి తల్లి అమ్మాజీ దేవుడి ముందు దీపం వెలిగిస్తుంది, హీరో వచ్చి కాళ్లకి మొక్కుతాడు. ఇంటి లైను మీద సినిమా లైట్లు పెడితే ఫ్యూజులు పోతాయి. మేస్త్రీ ఒక లైటు పెట్టి చూశాడు. ఇల్లంతా చీకటైంది. ఫ్యూజు వేస్తుండగా సిద్ధాంతి గడియారం చూసుకుంటూ వచ్చి, ఇక ఆగడానికి లేదన్నాడు. ఆ మసకలోనే తీశారు. కెమెరామన్ తల అడ్డంగా ఊపుతూనే తీశాడు. అమ్మాజీ వెలిగించిన ఒత్తి ఒక్కటే వెలుగు. హీరో ఎక్కడ వంగాడో, ఆవిడ పాదాలు ఎక్కడున్నాయో కనబడలేదు.

ఆవిడ లేచి, ఎవరి వైపూ చూడకుండా, "మొదటి బొమ్మే చీకట్లో పడింది" అంది. అంతే అంది. ఆ గదిలో ఉన్న సినిమావాళ్లందరికీ ఆ మాట బరువు తెలుసు.

బండి వచ్చింది. రాహుకాలంలో వచ్చింది. బాలనర్సయ్య దిగి, అందరి ముఖాలూ చూసి, బండి పక్కనే తల వంచుకుని నిలబడిపోయాడు. తిరుమలేశ్ పోయి ప్యానల్ తెరిచి జనరేటర్ వేశాడు. మూడు ఫేజులకి మూడు బల్బులూ వెలిగాయి. ఆ బల్బులు ఎన్నడూ అబద్ధం చెప్పలేదు.

మూర్తిగారు టిఫిను వేళ దాటాక పిలిచాడు. గొంతు పెంచలేదు.

"ఎనిమిదని, అయిదని, మళ్లీ ఎనిమిదని మా కుర్రాడి ఫోనుకే వచ్చిందండీ. మీకు ముందే తెలుసా?"

తిరుమలేశ్ తెలుసన్నట్టు తలూపాడు.

"నిన్న నా ఎదురుగానే కూర్చున్నారు. ఒక్క మాట అనుంటే పది ఫోన్లు నేనే చేసుకునేవాణ్ణి కదండీ. యాప్ సంగతి పక్కన పెట్టండి, మీ బండి కూడా ఇక మాకు వద్దు. అమ్మగారు వినరు."

ఆఫీసుకి పోయేసరికి త్రినాథరావు లేడు. ఫోను ఎత్తలేదు. విశాఖపట్నంలో ఎవరిదో పెళ్లికి పోయాడని ఒక పిల్లవాడు చెప్పాడు. గీతిక ముందుగదిలో కుర్చీ ఎక్కి, టీవీకి అసలు బోర్డు వైరు తగిలిస్తోంది.

"ఇప్పుడెందుకు బిడ్డా?"

"ఉండనీండి బాబాయ్. ఇన్నాళ్లకైనా కనబడనీండి."

ఫోటో పోయింది. తెర నల్లగా అయి, మూడు వరసలూ వచ్చాయి. రెండు వరసలు పచ్చ. మూడో దాంట్లో ఎరుపు వెలుగుతూ ఉంది, పసుపు బొట్టు కిందనే, ఎండిపోయిన బంతిపూల దండ కిందనే. తిరుమలేశ్ దాని ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆ సాయంత్రం ఫైనాన్షియరు మనిషి వచ్చి అక్కడే సంతకం పెట్టించుకుని పోయాడు.

త్రినాథరావు పెళ్లి నుంచి తిరిగొచ్చాడు, ఇప్పుడు ఇంకో కంపెనీ పెడుతున్నాడట, మంచివాడట. తిరుమలేశ్‌కి పోయింది మాత్రం షేక్‌పేట పాత ఊళ్లో, తూర్పు వాకిలి, తండ్రి లక్ష్మయ్య తవ్వించిన బోరుతో సహా, నూట ఎనభై ఆరు గజాలు.